తాడు పట్టుకుని ఈదినవాడు

1859 అక్టోబరు 25 రాత్రి. మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్‌కు వస్తున్న ‘రాయల్ చార్టర్’ ఓడ, ఇక చేరిపోయామనుకుంటుండగా, వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవి దగ్గర తుపానులో చిక్కింది. తెరచాపల ఓడే, తోడుగా ఆవిరి యంత్రం కూడా ఉంది. లంగర్లు దించారు. అర్ధరాత్రి దాటాక వాటి గొలుసులు తెగిపోయాయి. గాలి పట్టు తగ్గుతుందని తెరచాప కొయ్యలు నరికేశారు. అయినా ఓడ ఆగలేదు. మోయెల్వ్రె ఊరి పక్కన రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది.

ఒడ్డు కళ్లెదుటే ఉంది! జోసెఫ్ రాజర్స్ అనే మాల్టా నావికుడు తాడు పట్టుకుని ఆ అలల్లో ఈది ఒడ్డెక్కాడు. ఎంత గుండె ధైర్యమో! చివరికి బతికి బయటపడింది సుమారు 40 మంది. 400 మందికి పైగా పోయారు. ఆడవాళ్లలో, పిల్లల్లో ఒక్కరూ మిగల్లేదు. ఆస్ట్రేలియాలో కష్టపడి సంపాదించిన బంగారాన్ని ఒంటికి కట్టుకున్న కొందరిని ఆ బరువే ముంచిందంటారు.

ఈ ఘోరం తర్వాతే, 1861లో, అడ్మిరల్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ టెలిగ్రాఫ్‌తో రేవులకు ముందే కబురు పంపి తుపాను గుర్తులు ఎగరేయించడం మొదలుపెట్టాడు. కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అని మన వార్తల్లో వింటుంటారే, అది ఆ పద్ధతికి దగ్గరి చుట్టమే.