వేషం వెనుక మన బిడ్డ
(ట్రస్టు వారి ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. బాగా చదవండి అని మీకు చెప్పేవారు ఇంట్లోనూ బడిలోనూ చాలామంది ఉన్నారు. అందుచేత పెద్దల అనుమతితో వేరొక విషయం మాట్లాడతాను. ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఇప్పుడు కొన్ని ఆటలు ఒక లోకంలాగా ఉంటున్నాయి. పిల్లలు అందులో ఒక బొమ్మ రూపంలో తిరుగుతారు, ఇల్లు కట్టుకుంటారు, స్నేహితులను చేసుకుంటారు. ఆ లోకంలో ఫోటోలు తీసి పంచుకుంటారు. వాటితోపాటే మన ఇంటి ఫోటోలు, మన రోజువారీ సంగతులు కూడా పంచుకుంటారు. ఇందులో మంచి ఎంత, చెడు ఎంత అన్నదే ఈనాటి నా విషయం.

ఆ బొమ్మ రూపాన్ని ప్రపంచమంతా ‘అవతార్’ అంటుంది. అది మన అవతారం అన్న మాటే. 1986లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ ‘హాబిటాట్’ అనే ఆటను టెలిఫోన్ తీగల ద్వారా నడిపి చూసింది. అందులో ఆడేవారి బొమ్మలకు ఈ పేరే పెట్టారు. 2003లో ‘సెకండ్ లైఫ్’ వచ్చింది. దానిలో గెలుపూ ఓటమీ లేవు. ఊరికే తిరగడం, స్థలం కొని ఇల్లు కట్టడం, నలుగురితో మాట్లాడటం, ఆ దృశ్యాలను స్నాప్‌షాట్లు తీసి పంచుకోవడం, అంతే. 2006లో రోబ్లాక్స్ వచ్చింది. 2011లో మైన్‌క్రాఫ్ట్ పూర్తి రూపంలో విడుదలైంది. మన పిల్లలకు బాగా తెలిసిన పబ్‌జిని 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించింది. 2021లో అది బి.జి.ఎం.ఐ. అనే వేరే పేరుతో మళ్ళీ వచ్చింది. అది తుపాకుల ఆటే అయినా, ఆడే పిల్లలు చెవిలో తీగ పెట్టుకొని ఊరూ పేరూ తెలియని వారితో మాట్లాడుతూనే ఉంటారు.

తల్లిదండ్రులకు ఇదంతా కొత్తగా, భయంగా తోచవచ్చు. కాని వేషం వేసుకొని వేరొక లోకంలోకి వెళ్ళడం బరంపురం వారికి కొత్త కాదు. రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి యాత్రను గుర్తు చేసుకోండి. బుఢీ ఠాకురాణి అమ్మవారు నేతవారి పెద్ద అయిన దేశిబెహరా ఇంటికి, అంటే తన పుట్టింటికి వస్తుంది. ఆ రోజుల్లో మొక్కు ఉన్నవారు వేషాలు వేస్తారు. ఒకడు పులి అవుతాడు, ఒకడు రాముడవుతాడు, ఒకడు కృష్ణుడవుతాడు. ఒంటినిండా పసుపూ నలుపూ పూసుకొని గంతులేసే ఆ పులిని చూసి చిన్నపిల్లలు జడుసుకుంటారు. కాని పక్కనున్న పెద్దవాళ్ళు, “భయపడకురా, వాడు మన వీధి చివరింటి అబ్బాయే” అంటారు.

మన యాత్రకూ ఆన్‌లైన్ లోకానికీ తేడా అక్కడే ఉంది. మన యాత్రలో పులి వేషం వెనుక ఎవరి కొడుకు ఉన్నాడో వీధికి తెలుసు. వాడు హద్దు మీరితే పిలిచి మందలించే పెద్ద ఒకడుంటాడు. యాత్ర అయిపోగానే రంగు కడిగేసుకొని ఇంటికి వస్తాడు. ఆ ఆన్‌లైన్ లోకంలో వేషం వెనుక ఎవరున్నారో ఎవరికీ తెలియదు. యాత్ర ముగిసే రోజంటూ కూడా లేదు. నేను వేషం వేయవద్దని చెప్పడం లేదు. వేషం వెనుక ఉన్నది మన బిడ్డ అని ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలని చెబుతున్నాను.

ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా ఇంట్లో జరిగినది చెబుతున్నాను.

నా మనవరాలు తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో ఒక ఇళ్ళు కట్టే ఆట ఆడేది. వాళ్ళ నాన్న ఉద్యోగం సూరత్‌లో. గంజాం జిల్లాలో ఎన్నో ఇళ్ళ సంగతి అంతే కదా. ఆ పిల్ల ఆ ఆటలో మేము అమ్ముకున్న మా పాత ఇంటిని కట్టింది. వీధి అరుగు, పెరట్లో బావి, తులసికోట, అన్నీ నన్ను అడిగి తెలుసుకొని కట్టింది. దానికి స్నాప్‌షాట్ తీసి వాళ్ళ నాన్నకు పంపింది. ఆ బొమ్మను చూసి మా అబ్బాయి రాత్రి పదింటికి ఫోన్ చేసి, బావి పక్కన జామచెట్టు మరిచిపోయావమ్మా అన్నాడు. మరునాడు ఆమె జామచెట్టు పెట్టింది. అలాంటి పంచుకోవడాన్ని నేను ఎలా తప్పు పట్టగలను?

అదే ఆటలో ఆమెకు ఒక స్నేహితురాలు దొరికింది. తనకు పధ్నాలుగేళ్ళని చెప్పుకుంది. మా పిల్ల ఆమెకు రోజూ ఏవో ఫోటోలు పంపేది. టిఫిను, గోపాలపురం సముద్రం, మేడ మీద నిలబెట్టిన కొత్త సైకిలు. ఏ ఫోటోలోనూ ముఖం లేదు, పేరు లేదు. కాని సైకిలు వెనుక తాడు మీద బడి యూనిఫారం ఆరవేసి ఉంది. దాని మీద బడి గుర్తు ఉంది. ఒకరోజు ఆ స్నేహితురాలే బడి పేరు చెప్పి, ఎన్నింటికి వదులుతారో కూడా చెప్పింది. నేను అడిగినలాంటి ఫోటో పంపు, లేకపోతే మీ ఇంట్లో చెబుతాను, బడికి వస్తాను అని బెదిరించింది. అప్పటికి ఆ వేషం వెనుక ఉన్నది పధ్నాలుగేళ్ళ పిల్ల కాదని మా పిల్లకు అర్థమైంది.

నాలుగు రోజులు ఆమె ఎవరితోనూ చెప్పలేదు. అన్నం సరిగా తినలేదు. చివరికి వాళ్ళ మామ్మ పక్కన కూర్చోబెట్టుకొని అడిగితే ఏడ్చింది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, “చెబితే తాతగారు ఫోన్ లాగేసుకుంటానన్నారు కదా” అంది. నిజమే, ఆ మాట నేను అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. ఆమె నాలుగు రోజుల భయంలో నా పాలు కూడా ఉందని ఈ సభాముఖంగా ఒప్పుకుంటున్నాను. మేము ఆ సందేశాలను చెరపకుండా దాచాము, ఆ మనిషిని బ్లాక్ చేశాము, పోలీసులకు ఫిర్యాదు చేశాము. ఆ తరువాత బెదిరింపులు రాలేదు. ఫోన్ లాగుకోలేదు. ఇప్పుడు ఆమె ఏ లోకంలో ఏమి కడుతోందో వారానికొకసారి నాకు చూపిస్తుంది. నాకు సగం అర్థం కాదు. అయినా చూస్తాను.

తల్లిదండ్రులకు ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నార్వే దేశంలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ అనే జబ్బు వల్ల చక్రాల కుర్చీకే పరిమితమై, ఎక్కువ కాలం ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆటలో గడిపాడు. 2014లో 25 ఏళ్ళకు చనిపోయాడు. మా అబ్బాయి స్నేహం అంటే తెలియకుండానే పోయాడని తల్లిదండ్రులు బాధపడ్డారు. అతను రాసుకునే బ్లాగులో ఆ వార్త పెట్టగానే, ముక్కూ మొహం తెలియని వారి నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. ఆటలో ‘ఇబెలిన్’ అనే వేషంలో అతను ఎందరి కష్టసుఖాలు విన్నాడో, ఎందరికి ధైర్యం చెప్పాడో అప్పుడు తెలిసింది. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. అతని కథ మీద 2024లో ఒక డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది.

నా మనవరాలి కథ ఒక వైపు, ఆ నార్వే అబ్బాయి కథ ఇంకొక వైపు. ఒక ఇంట్లో చెడు జరుగుతుంటే పెద్దలకు తెలియలేదు. ఇంకొక ఇంట్లో అంత మంచి జరుగుతుంటే పెద్దలకు తెలియలేదు. రెండిళ్ళలోనూ లోటు ఒక్కటే. కాబట్టి “ఎంతసేపు ఆడతావు?” అని మాత్రమే అడగకండి. “ఈ రోజు అక్కడ ఏం చేశావు? ఎవరు కలిశారు? ఏదీ చూపించు” అని కూడా అడగండి. తప్పు జరిగిందని బిడ్డ చెప్పినప్పుడు మొదటి మాట తిట్టు కాకూడదు.

ఇక విద్యార్థులకు కొన్ని పనికి వచ్చే మాటలు.

మొదటిది, ఫోటో పంపే ముందు దానిలో మీరున్న భాగాన్ని కాదు, మీ వెనుక ఉన్న భాగాన్ని చూడండి. బడి గుర్తు, ఇంటి నంబరు, బండి నంబరు, వీధి బోర్డు కనిపిస్తున్నాయేమో చూడండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, తీసిన చోటు వివరం ఫోటో లోపలే దాగి ఉండవచ్చు. కొన్ని యాప్‌లు దాన్ని తీసివేస్తాయి గాని, ఫైలుగా పంపితే అలాగే వెళుతుంది. కెమెరా సెట్టింగులలో దానిని ఆపివేయండి. ఊరు వెళుతున్న సంగతి వెళ్ళి వచ్చాక పంచుకోండి.

రెండవది, ఈ రోజు మీకు ముఖ్యమైనది. ఇంటికి వెళ్ళగానే స్కాలర్‌షిప్ పత్రం ఫోటో పెట్టాలని మీకు ఉబలాటంగా ఉంటుంది. అది న్యాయమే, కష్టపడి సాధించారు. మీ సంతోషాన్ని పంచుకోండి, పత్రాన్ని పంచుకోవద్దు. మార్కుల పత్రం మీద రోల్ నంబరు, పుట్టిన తేదీ ఉంటాయి. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు సంగతి చెప్పనక్కరలేదు. ఈ వివరాలు పట్టుకొని, మీ స్కాలర్‌షిప్ డబ్బు జమ చేస్తున్నాం, ఓ.టి.పి. చెప్పండి అని మోసగాళ్ళు ఫోన్ చేయవచ్చు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. పిల్లలకు ఆపద అయితే 1098 ఉంది.

మూడవది, పక్కవారి సంగతి మీది కాదు. సెకండ్ లైఫ్ నడిపే సంస్థ పెట్టిన ముఖ్య నియమాలలో ఇది ఒకటి: తోటివారి సొంత వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదు. హాస్టల్ గదిలో నిద్రపోతున్న స్నేహితుడి ఫోటో మీకు నవ్వులాట. అతనికి అది పరువు. అడిగి పెట్టండి.

నాలుగవది, రహస్యంగా ఉంచమని, వేరే యాప్‌లోకి రమ్మని, ఫోటో పంపమని ఎవరు అడిగినా అక్కడితో ఆగి ఇంట్లో చెప్పండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వారిని పిల్లలుగానే లెక్కించింది. పెద్దల సాయం అడగడం చిన్నతనం కాదు, అది మీ హక్కు.

చివరి మాట. పోవాలనుకున్నది ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండిపోతుంది. ఉండాలనుకున్నది ఒక్కొక్కసారి పోతుంది. మీ అన్నయ్యలు, అక్కయ్యలు ఆర్కుట్‌లో ఎన్ని ఫోటోలు పెట్టారో అడగండి. 2004లో వచ్చిన ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. పిల్లలు పెంగ్విన్ వేషాలతో తిరిగిన క్లబ్ పెంగ్విన్ అనే లోకం 2005లో మొదలై 2017లో మూతపడింది. ఆ ఇళ్ళూ వీధులూ వాటితోనే పోయాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి, వానకు తడిసిన పెళ్ళి ఆల్బమ్‌లను మేము ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెట్టుకున్నాము. మూతపడిన లోకాన్ని అలా ఆరబెట్టుకోవడానికి కూడా ఉండదు. కాబట్టి మీకు ప్రియమైన వాటిని మీ దగ్గర ఒక కాపీ దాచుకోండి. నాలుగు మంచి ఫోటోలు అచ్చు వేయించండి. మా మనవరాలు కట్టిన ఆ ఇంటి బొమ్మ ఇప్పుడు మా గోడ మీద ఉంది, జామచెట్టుతో సహా.

విద్యార్థులారా, భువనేశ్వర్, విశాఖపట్నం, హైదరాబాద్, ఎక్కడికి వెళ్ళినా బాగా చదువుకోండి. మీకు నచ్చిన వేషం వేయండి. ఆ వేషం వెనుక ఉన్నది మీరేనని తెలిసిన మనిషిని ఇంట్లో ఒక్కరినైనా ఉంచుకోండి. తల్లిదండ్రులారా, ఆ ఒక్కరు మీరు కండి.