ఇంటి అప్పుకు పై ఖర్చులు

ఖమ్మంలో 30 లక్షల ఇల్లు కొంటున్నారా? బ్యాంకు అప్పిచ్చినా రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా మన జేబులోంచే పోతుంది. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. అంటే 2,25,000 రూపాయలు! ఆపైన ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ, లాయరు ఫీజు, ఇంటికి విలువ కట్టే ఇంజనీరు ఫీజు, దస్తావేజులు కుదువ పెట్టినందుకు మళ్లీ స్టాంపు.

భద్రాచలం ఏజెన్సీలో లెక్కే వేరు. 1/70 చట్టం ప్రకారం అక్కడి స్థిరాస్తిని గిరిజనేతరుల పేరిట బదిలీ చేస్తే చెల్లదు. తెల్లకాగితం ఒప్పందం నమ్మి బయానా ఇవ్వకండి.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, అప్పు మీద వసూలు చేసే ఖర్చుల వివరాల పత్రాన్ని బ్యాంకు మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. సంతకానికి ముందే తెలుగులో అడిగి తీసుకోండి.