ఆకురాయి పట్టిన చేయి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన యూరివారికి చదువుపై మక్కువ కలిగించినది. అయితే చదువనగానే మనకు కచేరీలోని కుర్చీయే తోచును. పదవ తరగతిలో మార్కులు తగ్గిన పిల్లవానిని చూచి "వీనిని ఐ.టి.ఐ.లో పడవేయుదము" అందుము. ఆ 'పడవేయుట'ను గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

భారత ప్రభుత్వము 1950లో వృత్తిపనివారల శిక్షణ పథకమును ప్రారంభించినది. ఐ.టి.ఐ. లని మనము పిలుచు పారిశ్రామిక శిక్షణ సంస్థలు ఆ పథకము క్రిందివే. ఫిట్టరు, ఎలక్ట్రీషియను పనులకు రెండేండ్లు, వెల్డరు పనికి ఒక యేడు శిక్షణ. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి పిదప కర్మాగారములలో భృతితో పని నేర్చుకొనవచ్చును. పాలిటెక్నిక్కునకు పోవుటకును దారి కలదు.

అక్కడి పని యెట్టిది? ఫిట్టరు విద్యార్థి చేతికి మొదట వచ్చునది యంత్రము కాదు. ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. ముక్కను వైసులో బిగించి దినముల తరబడి రాయవలెను. చూచువారి కది వట్టి చాకిరి. కాని రాసిన ముఖముపై మూలమట్టము నానించి వెలుతురున కెత్తినపుడు, నడుమ సన్నని వెలుగు గీత కనబడినచో అచ్చట పల్లమున్నదన్నమాట. మరల రాయవలసినదే! వెర్నియరు కొలసాధనము మిల్లీమీటరులో ఏబదియవ వంతును పట్టి చూపును. ఇట్టి ఓర్పు పుస్తకములలో దొరకదని గ్రంథాలయ సభలో పలుకుట కొంత సాహసమే.

అన్నియు సవ్యముగా నున్నవని నేననను. నేను చూచిన ఒక కేంద్రమున వెల్డింగు కడ్డీలు చాలక, ఒక పిల్లవాడు అతుకు వేయుచుండగా తక్కినవారు చుట్టును నిలిచి చూచుచుండిరి. చూచిన పని చేతికి వచ్చునా? కావున బిడ్డను, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, చేర్చుటకు ముందు తల్లిదండ్రులు కార్యశాలలోనికి పోయి, యంత్రములు తిరుగుచున్నవో దుమ్ము పట్టియున్నవో కన్నులార చూడవలెను.

ఇక గ్రంథాలయమువారికి ఒక విన్నపము. పని చేతికి వచ్చియు, నమూనా పటము చదువలేక, లెక్క కుదరక పరీక్షలో తప్పినవారిని నేనెరుగుదును. నవలల బీరువా ప్రక్కన కార్యశాల లెక్కలకు, పటములు గీయుటకు సంబంధించిన తెలుగు పుస్తకములకును ఒక అర కేటాయింపుడు. ఏటేట ప్రవేశ ప్రకటనను గోడకు అంటింపుడు. ఆ అరకు నా వంతుగా ఒక లెక్కల పుస్తకమును, నేను వాడిన మూలమట్టమును కార్యదర్శిగారి కిప్పుడే అందజేయుచున్నాను.