పని గురించి అడుగుదాం
(మన పత్రికకు ముఖాముఖీలు చేయనున్న యువతీయువకుల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన సమాజంలో ఎవరైనా విజయం సాధిస్తే విలేకరులు ఆ ఇంటికి చేరుకుంటారు. ప్రశ్నలు మాత్రం ముందే సిద్ధంగా ఉంటాయి. ‘ఇంట్లో ఒప్పుకున్నారా? దుస్తుల విషయంలో అభ్యంతరాలు రాలేదా?’ చివరకు ఆ మనిషి మతం ఒక్కటే మిగులుతుంది, చేసిన పని మరుగున పడిపోతుంది. మనమూ అదే తప్పు చేయరాదు.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌నే తీసుకోండి. 2011లో టర్కీలో జరిగిన యువ బాక్సర్ల ప్రపంచ పోటీల్లో స్వర్ణం గెలిచారు. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయ్యారు. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచారు. తొలి రెండు విజయాల నడుమ పదకొండేళ్లున్నాయి. 2017లో భుజానికి గాయమై ఆటకు దూరమైన కాలమూ అందులో ఉంది. మనం అడగవలసింది ఆ పదకొండేళ్ల గురించే. గాయం నుంచి ఎలా కోలుకున్నారు? సాధన ఎన్ని గంటలు? ఖర్చు ఎవరు భరించారు? రేపు రింగ్‌లోకి దిగాలనుకునే మరో బాలికకు ఆ జవాబులే దారి చూపుతాయి. పొగడ్తలు చూపవు.

పరిశోధక విద్యార్థుల విషయమూ అంతే. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో ప్రకటించింది. అన్యాయమని మనం సంపాదకీయం రాయవచ్చు. కానీ ఒక పరిశోధకురాలు తన అంశమేమిటో, దానికి ఎన్నేళ్లు పడుతుందో, సాయం లేకపోతే ఏ అధ్యాయం ఆగిపోతుందో చెప్పినప్పుడు మన డిమాండుకు సాక్ష్యం దొరుకుతుంది.

నాయకులను ‘మీ సందేశమేమిటి?’ అని అడగకండి. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, మీ ప్రాంతంలోని ఉర్దూ పాఠశాలలో ఎన్ని ఉపాధ్యాయ ఖాళీలున్నాయి అని అడగండి.

చివరిగా ఒక మాట. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆ జట్లను ఎలా తీర్చిదిద్దారని ఈనాడు ఆయనను అడగాలనుకున్నా అడగలేం. మన మధ్య ఉన్నవారినైనా ఇప్పుడే అడుగుదాం, శ్రద్ధగా రాసుకుందాం.