ఛాతీ మీది ప్యాచ్ పీకే ముందు

నేను టకానిని నుంచి మాట్లాడుతున్నా. ఆక్లాండ్‌కి దక్షిణం వైపు, మనురేవాకీ పాపకురాకీ మధ్య ఉంటుంది. కన్‌స్ట్రక్షన్ సైట్‌లో సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటీఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడ్. డాక్టర్‌ని కాను కాబట్టి మందుల జోలికి పోను. కనెక్షన్ గురించి చెప్తా. అది నాకు తెలిసిన పని.

మా గ్యాంగ్‌లో ఒక తమ్ముడున్నాడు, కరీంనగర్ వైపు వాడు. నలభై కూడా లేవు. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, కళ్లు తిరిగేవి. అది తెలియగానే ఎత్తు మీద పని మాన్పించి నేల మీది పని ఇచ్చాం. డాక్టర్ చూసి హోల్టర్ పెట్టించారు. అంటే ఛాతీ మీద ఎలక్ట్రోడ్ ప్యాచ్‌లు, వాటి నుంచి వైర్లు, నడుముకి చిన్న డబ్బా. రోజంతా గుండె కొట్టుకునే తీరు రికార్డు చేస్తుంది. అది పెట్టుకునే పనికి వచ్చాడు. మధ్యాహ్నానికి జాకెట్ కింద ఉక్క, చెమట, దురద, వైర్ల మీద టూల్ బెల్ట్ ఒరిపిడి. ఎవరికీ చెప్పకుండా రెండు ప్యాచ్‌లు పీకేశాడు. రికార్డింగ్ పనికిరాకుండా పోయింది. మళ్లీ పెట్టించుకోవడానికి వారాలు ఆగాడు. రెండోసారి సరిగ్గా పెట్టుకుంటే గుండె లయ తప్పడం దొరికింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు.

ఆ వారాల్లో ఏమైనా జరిగి ఉంటే? నిద్రలోనే పోయాడని ఇంటికి ఫోన్ వెళ్లిన కబుర్లు మనలో వినని వాళ్లెవరు? అందుకే ఈ ఎపిసోడ్.

టార్చిలైట్ సెల్ 1.5 వోల్టులు. గుండె కరెంటు చర్మం పైకి వచ్చేసరికి దాదాపు 1 మిల్లీవోల్టు. అంటే సెల్‌లో పదిహేను వందల వంతు. అంత చిన్న సిగ్నల్‌కి కనెక్షన్ కాస్త లూజైనా చాలు, గీత అంతా పిచ్చిగీతే.

మన దగ్గర ఎర్త్ పిట్ ఎలా చేస్తాం? ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తాం. ఎండిపోతే రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎలక్ట్రోడ్ కింద ఉండే జెల్ పని కూడా అదే. చర్మం పైపొర ఎండు పొర, కరెంటుని సరిగా పోనివ్వదు. ఉప్పు కలిసిన జెల్ దాన్ని తడిపి దారి ఇస్తుంది. జెల్ వెనక వెండి, దాని మీద వెండి క్లోరైడ్ పూత ఉంటాయి. ఒంట్లో కరెంటు ఉప్పు అయాన్లతో నడుస్తుంది, వైరులో ఎలక్ట్రాన్లతో. ఆ పూత దగ్గరే చెయ్యి మారేది.

మొదట్లో ఐంతోవెన్ అనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మనిషి చేతులు, కాలు ఉప్పు నీళ్ల జాడీల్లో పెట్టించి గుండె గీత తీసేవాడు. 1924లో నోబెల్ వచ్చింది. తర్వాత అమెరికాలో హోల్టర్ అనే ఆయన వీపున మోసే యంత్రం చేశాడు. బరువు దాదాపు 38 కిలోలు, ముప్పావు సిమెంటు బస్తా. ఇప్పుడు ఒకే ముక్కగా అంటించే, వైర్లు లేని ప్యాచ్‌లు వచ్చాయి. కొన్నిటిని 14 రోజుల దాకా ఉంచుకోవచ్చు.

డబ్బా చిన్నదైంది. మిగిలిన చిక్కు చర్మం దగ్గరే. తడి గోడకి పెయింట్ వేస్తే ఏమవుతుంది? లోపలి తేమకి దారి లేక బొబ్బలు లేస్తాయి. గాలి ఆడని ప్లాస్టర్ కింద చెమట కూడా అంతే. జిగురు పట్టు వదులుతుంది, చర్మం నాని ఎర్రబడుతుంది. కొందరికి జిగురే పడదు. ఇంకోటి, చర్మం సాగుతుంది, బిరుసు ప్యాచ్ సాగదు. ఎక్స్‌పాన్షన్ జాయింట్ మీద టైల్ అంటించినట్టే.

ఈ సంగతి శాస్త్రవేత్తలకీ తెలుసు. 2011లో అమెరికాలో జాన్ రోజర్స్ బృందం స్టిక్కర్ పచ్చబొట్టులా చర్మంతో పాటు సాగే ఎలక్ట్రానిక్స్ చూపించింది. 2017లో టోక్యోలో తకావో సోమెయా బృందం బంగారంతో దోమతెర లాంటి సన్నటి అల్లిక చేసింది. గాలి, చెమట దానిలోంచి పోతాయి. 20 మందికి వారం రోజులు అంటించి చూస్తే చర్మం వాపు కనిపించలేదు. కానీ మనకి ఆస్పత్రిలో మామూలుగా అంటించేది ఇప్పటికీ జెల్ ప్యాచే. ఇలాంటివి తయారుచేసే వాళ్లు చల్లటి గదిలో కుర్చీలో కూర్చున్న మనిషితో పాటు, స్లాబ్ మీద ఎండలో వంగి పనిచేసే మనిషినీ లెక్కలో పెట్టుకోవాలి. హాయిగా లేని ప్యాచ్ ఒంటి మీద నిలవదు. నిలవని ప్యాచ్ ఏదీ కొలవదు.

అది వచ్చేదాకా మనం చేయాల్సింది కొంచెం ఉంది. టైల్ వేసే ముందు సర్ఫేస్ శుభ్రం చేస్తాం కదా. ప్యాచ్ పెట్టించుకునే రోజు స్నానం చేసి వెళ్లండి, ఛాతీకి కొబ్బరి నూనె, క్రీము రాయొద్దు. వెంట్రుకలు తీయాలంటే తీయనివ్వండి, సిగ్గుపడొద్దు. నా పని ఇదీ, ఇంత చెమట పడుతుంది, బెల్ట్ ఇక్కడ తగులుతుంది, ప్లాస్టర్ నాకు పడదు అని నర్సుకి ముందే చెప్పండి. వేరే రకం జిగురుందా, చోటు కొంచెం మార్చొచ్చా అని అడగండి. దురద మొదలైతే పీకే ముందు క్లినిక్‌కి ఫోన్ చేయండి. తీయమంటే తోలు లాగినట్టు లాగకండి, చర్మానికి ఆనించి మెల్లగా వెనక్కి మడుస్తూ తీయండి. దడ వచ్చిన టైము, అప్పుడు చేస్తున్న పని రాసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. హోల్టర్ రికార్డు చేస్తుంది అంతే, అంబులెన్స్‌ని పిలవదు. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఇక్కడైతే వెంటనే 111. మీరున్న దేశంలో ఆ నంబరేదో ఇవాళే కనుక్కోండి.

న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్లకి: వర్క్ వీసా 2 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ప్రభుత్వ వైద్యానికి అర్హత ఉంటుంది. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగండి, వీలైన చోట ఏర్పాటు చేయాలని ఇక్కడి రోగుల హక్కుల కోడ్‌లోనే ఉంది. సందేహం ఉంటే హెల్త్‌లైన్ 0800 611 116, ఫ్రీ, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

నా తోటి సూపర్‌వైజర్లకి ఒక్క మాట. మీ మనిషి ప్యాచ్‌తో వస్తే డాక్టర్ ఏ పని చేయొచ్చన్నారో అడగండి. నీడలో రెండు నిమిషాలు చెమట తుడుచుకోనివ్వండి. "ఏముందిలే, పీకెయ్" అని మాత్రం అనకండి.

ఉంటాను మరి. జాగ్రత్తగా పనిచేసుకోండి.