వంగిన పుష్ రాడ్లు, కోకిహల్లా దిగుడు

నన్ను సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమన్నారు. అది మీలో సగం మందికి నాకన్నా బాగా తెలుసు. అందుకని మా బావగారి ట్రక్కు గురించి చెబుతాను.

మా అక్కా బావా బ్రిటిష్ కొలంబియాలో సర్రేలో ఉంటారు. బావ 1996 నాటి డాడ్జ్ రామ్ పికప్పు ఒకటి పాతది కొని, వెనక ట్రైలర్ తగిలించి కామ్‌లూప్స్ నుంచి సరుకు తెచ్చేవాడు. అందులో ఉన్నది 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను. ఆరు సిలిండర్లు, పన్నెండు వాల్వులు. ఇంజనుకి పేరు పెట్టడానికి లేదు. కానీ కొన్న ఏడాదిలోనే ఓ రోజు మిస్సింగు మొదలైంది. విప్పి చూస్తే నాలుగో సిలిండర్‌లో పుష్ రాడ్ వంగిపోయి ఉంది.

ఇంజన్లు తెలియనివారికి ఒక్క మాట. కింద క్యామ్ షాఫ్టు తిరుగుతుంటే ట్యాపెట్ లేచి, పుష్ రాడ్ అనే సన్నటి కడ్డీని పైకి నెడుతుంది. పైన రాకర్ ఉంటుంది. అది మన ఊరి ఏతం లాంటిదే, ఒక కొస లేస్తే రెండో కొస దిగి వాల్వుని తెరుస్తుంది. తెరిచిన వాల్వుని మళ్ళీ మూసే పని స్ప్రింగుది.

మెకానిక్ కొత్త రాడ్ వేశాడు. నెలన్నరకి ఐదో సిలిండర్‌లో వంగింది. ఆయిలు మార్చాడు, ట్యాపెట్ సెట్టింగు చేశాడు. తరవాత రెండో సిలిండర్‌లో వంగింది. "పాత బండి, ఇంతే" అన్నాడు. అలా అన్న ప్రతిసారీ బిల్లు మాత్రం కొత్తదే! బండి షెడ్డులో ఉన్న రోజు బావకి సంపాదన లేదు. అక్క ఫోను చేసి, "ఒరేయ్, అమ్మేయమని నువ్వైనా చెప్పరా" అనేది.

ఇలా ఉండగా విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీలు తిప్పిన బావ వాళ్ళ నాన్నగారు ఫోనులో అంతా విని రెండే ప్రశ్నలు అడిగారు. "వంగినవి ఇన్‌లెట్టువా, ఎగ్జాస్టువా? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" మాకు తెలియదు. సిగ్గేసింది. ఆఫీసులో సర్వర్ పడిపోతే నేను మొదట అడిగేవి ఇలాంటి ప్రశ్నలే కదా.

బావ డైరీ, మెకానిక్ బిల్లులు ముందేసుకుని పట్టిక రాశాను. మూడూ ఎగ్జాస్టువే. మూడుసార్లూ లోడుతో తిరిగొచ్చేటప్పుడే. అంటే మెరిట్ దాటి, కోకిహల్లా కొండ మీద 1244 మీటర్ల ఎత్తునుంచి హోప్‌కి దిగే దారిలో. 1986లో తెరిచిన ఆ రోడ్డు ఎంత వాలంటే, బ్రేకులు పోయిన ట్రక్కులు ఎక్కి ఆగడానికి పక్కన ప్రత్యేకంగా దారులు కట్టారు.

ముందు ఇంజను అతివేగంగా తిరిగిందేమో అనుకున్నాను. గవర్నరు డీజిల్ ఆపగలదు గాని, దిగుడులో చక్రాలే ఇంజన్ని తిప్పుతుంటే అదేం చేస్తుంది? కానీ అలాగైతే ఇన్‌లెట్టు వైపు కూడా ఒక్కటైనా వంగాలి. ఇక మిగిలింది ఎగ్జాస్టు బ్రేకు. ముందటి యజమాని ఎవరో బిగించుకున్నది. అది ఉందనే ఈ బండి కొనమని బావకి చెప్పింది నేనే.

ఆ బ్రేకు వేస్తే ఎగ్జాస్టు గొట్టంలో రేకు మూసుకుని, పొగ వెనక్కి ఒత్తుతుంది. పిస్టన్లు ఆ ఒత్తిడికి ఎదురు నెట్టాలి గనక బండి నెమ్మదిస్తుంది. అయితే ఆ ఒత్తిడే ప్రతి ఎగ్జాస్టు వాల్వు వెనకా పడుతుంది. సిలిండర్ గాలి పీల్చుకునేటప్పుడు లోపల ఒత్తిడి తక్కువ. స్ప్రింగు బలం చాలకపోతే వాల్వు తనంతట తానే లేచి టప్పున మూసుకుంటుంది. ఆ క్షణంలో రాకర్‌కీ రాడ్‌కీ పట్టు వదులుతుంది. రాడ్ కొస పక్కకి జారితే, మళ్ళీ ట్యాపెట్ లేచినప్పుడు వంగక ఏం చేస్తుంది?

ఇది చెప్పగానే బావ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. "అయితే బ్రేకు వాడను" అని, ఆ వారమే స్విచ్చి కట్టేసి లోడుతో దిగాడు. సగం దూరానికే చక్రాల దగ్గర పొగ, పెడల్ మెత్తబడింది. ఎలాగో పక్కకి ఆపి గంటసేపు చల్లార్చుకుని ఇంటికి చేరాడు. 1931లో కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతూ బ్రేకులు అందక చావు తప్పించుకున్నది సాక్షాత్తూ క్లెస్సీ కమిన్స్. ఆయన తరవాత ఇంకో రకం ఇంజన్ బ్రేకు కనిపెట్టాడు. ఆ రాత్రి అక్క నాతో మాట్లాడలేదు.

మర్నాడు పాత స్ప్రింగులు చూశాం. ఇంజనుతో వచ్చినవే. బ్రేకు బిగించినవాళ్ళు వాటిని మార్చలేదు. బలమైన స్ప్రింగులు పన్నెండు తెప్పించి, మా వాకిట్లోనే వేశాం. హెడ్డు దించక్కర్లేదు. ఒక్కో పిస్టన్ని పైకొసకి తెచ్చి పెడితే వాల్వు లోపలికి జారిపోదు. ఇంజను చల్లగా ఉండగా ఫీలర్ గేజితో ఇన్‌లెట్టుకి 0.25, ఎగ్జాస్టుకి 0.51 మిల్లీమీటర్ల సందు పెట్టాం. బ్రేకు దగ్గర గేజి బిగించి, ఒత్తిడి కొత్త స్ప్రింగుల హద్దు దాటడం లేదని కూడా చూశాం.

తరవాత రెండు చలికాలాలు గడిచాయి. రాడ్లు నిటారుగానే ఉన్నాయి. ఇప్పుడు దిగుడు మొదలయ్యే ముందు బావ అక్కకి ఫోను చేస్తాడు, హోప్ చేరాక మళ్ళీ చేస్తాడు. వచ్చే శనివారం ట్యాపెట్లు చూడాలి. ఫీలర్ గేజి నా దగ్గరే ఉండిపోయింది.