‘అనుభవం: లేదు’
(నస్రుల్లాబాద్‌లో మహిళా సంఘాల సభ్యులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగానికి బయోడేటా రాసుకోవడం గురించి మాట్లాడమని మీరు అడిగినప్పుడు, ఇది హక్కుల సమావేశంలో చెప్పుకునే విషయమేనా అని నాకు సందేహం వచ్చింది. ఆ సందేహం తీర్చింది ఈ మండలంలోని ఒక చెల్లె. పేరు చెప్పను.

బాన్సువాడ జిరాక్స్ సెంటర్‌లో కొట్టించిన కాగితం ఒకటి తెచ్చి ఆమె నాకు చూపించింది. పైన పేరు. దాని కింద తండ్రి పేరు, భర్త పేరు, కులం, మతం, పెండ్లి అయిందా లేదా, ఎత్తు. ఇది ఉద్యోగానికా, పెండ్లి సంబంధానికా అని ఇద్దరం నవ్వుకున్నాం. ఎత్తు ఎందుకమ్మా అంటే, “ఆ కంప్యూటర్‌లోనే ఉంది అక్కా” అన్నది. చదువు ఓపెన్ ఇంటర్. చివరి వరుస, ‘అనుభవం: లేదు’. అది చదివాక నాకు నవ్వు రాలేదు.

ఆమె తొమ్మిదేళ్ళుగా సంగం పుస్తకాలు రాస్తున్నది. పన్నెండు మంది పొదుపు, బ్యాంకు అప్పు, ఎవరి కిస్తు ఎంత బాకీ, అన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తున్నాయి. ఉపాధి హామీ పనుల్లో రెండేళ్ళు మేటుగా ఉండి కొలతలు తీసింది, హాజరు వేసింది. అంతకు ముందు బీడీలు చుట్టింది. “ఇవి కూడా రాసుకునే పనులేనా?” అని నన్నే అడిగింది. జీతం కాగితం లేని చాకిరీ పనే కాదని మనకు ఎంత బాగా నేర్పారో చూడండి.

ఆమె అడగబోయేది ఒక స్వచ్ఛంద సంస్థలో క్షేత్రస్థాయి కార్యకర్త ఉద్యోగం. ప్రకటన ముందు పెట్టుకొని కూర్చున్నాం. అందులో మూడు అడిగారు: మహిళా సంఘాలతో పరిచయం, లెక్కలు రాయడం, ఊళ్ళు తిరగడం. ఒక్కొక్క మాట కింద గీత గీసి, “ఇది నువ్వెక్కడ చేసినవు?” అని అడుగుతూ పోయాను. కొత్త కాగితం మొదటి వాక్యం ఇలా వచ్చింది: “తొమ్మిదేళ్ళుగా పన్నెండు మంది సభ్యుల సంగానికి తీర్మానాలు, పొదుపు, అప్పుల లెక్కలు రాస్తున్నాను.” కులం, ఎత్తు తీసేశాం.

నెల తర్వాత ఆమె ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు పనికి అదే కాగితం పంపబోతే ఆపాను. వాళ్ళకు కావలసింది ఫీజు రసీదులు రాసి, రిజిస్టర్లు సరిగ్గా ఉంచే మనిషి. కాబట్టి డబ్బు లెక్కను పాసుపుస్తకంతో సరిచూడడం, హాజరు పట్టీ నడపడం పైకి వచ్చాయి. ఊళ్ళు తిరగడం చివర ఒక్క వాక్యమైంది. చేసిన పని మారలేదు, ముందు ఏది చెప్పాలన్నది మారింది. నా సంగతి చెప్పాలంటే, వయసులో ఉన్నప్పుడు ఒకే కాగితాన్ని ఏడు జిరాక్సులు తీసి ఏడు చోట్లకు పంపాను. ఒక్కరూ పిలవలేదు.

చెయ్యనిది మాత్రం రాయవద్దు. జిరాక్స్ సెంటర్ వాళ్ళు అడగకుండానే ‘కంప్యూటర్ పరిజ్ఞానం కలదు’ అని కొట్టేస్తారు. ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే తలవంచుకోవలసింది మనమే. రాసినదానికి రుజువు కూడా దగ్గర పెట్టుకోండి. బీడీ పని చేసినవాళ్ళకు పి.ఎఫ్. నంబరు ఉంటే అది రుజువే. సంగం తీర్మానాల పుస్తకంలో మీ చేతిరాత ఉన్న పేజీ కూడా రుజువే.

ఇక వాళ్ళు అడగకూడనివి ఉన్నాయి. నీరా మాథుర్ అనే ఆమె జీవిత బీమా సంస్థలో ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో, నెలసరి సరిగ్గా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని అడిగారు. ప్రొబేషన్‌లో ఉండగానే ఆమె ప్రసూతి సెలవు తీసుకుంది. 1990లో ఉద్యోగం తీసేశారు. ఫారంలో తప్పు రాసిందని సంస్థ కోర్టులో వాదించింది. ఆమె ఊరుకోలేదు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నది. అసలు తప్పు అటువంటి ప్రశ్నలు అడగడంలోనే ఉందని, ఆ గడులు తొలగించడం మంచిదని చెప్పింది. పనిలోకి తీసుకునేటప్పుడు ఆడది అని వివక్ష చూపరాదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. రిజర్వేషన్ ఉన్న సర్కారు ఉద్యోగానికైతే కులం రాయాలి, సర్టిఫికెట్ జతచేయాలి, అది వేరు. మనంతట మనం రాసుకునే బయోడేటాలో భర్త పేరు, పిల్లల సంఖ్య ఎందుకు?

సంస్థల నుంచి వచ్చినవాళ్ళు కూడా ఇక్కడున్నారు, ఒక మాట అనాలి. మన ఫారాల్లోనే ‘తండ్రి/భర్త పేరు’ అన్న గడి పేరు తర్వాతి వరుసలోనే ఉంటుంది. ఆ చెల్లెను స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. “ఊళ్ళు తిరగడానికి మీ ఆయన ఒప్పుకున్నాడా?” అని అడిగారు. చివరికి డిగ్రీ ఉన్న ఇంకొకరిని తీసుకున్నారు. ప్రకటనలో డిగ్రీ మాటే లేదు. ఎందుకు రాలేదో చెప్పమని ఆమె వాళ్ళకు ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు. బడి వాళ్ళు వచ్చే సోమవారం రమ్మన్నారు.

భోజనాలయ్యాక ముగ్గురు ముగ్గురుగా కూర్చుందాం. ప్రకటనలు నేను తెచ్చాను. సంగం పుస్తకాలు, జాబ్ కార్డులు తెచ్చుకున్నవాళ్ళు బయటికి తీసి పెట్టుకోండి. రాయడం రాని అక్కలు చెప్పండి, పక్కనున్న చెల్లె రాస్తుంది.